గొట్టంలో పసుపు నీళ్లు

పాలు పోసేవాళ్లింట్లో పెరిగినదాన్ని. నీళ్లు కలిపితే చూడగానే పట్టేస్తానని నా ధీమా. యూనివర్సిటీలో డిగ్రీ మొదటి ఏడాది, ల్యాబ్‌లో మా రక్తమే తీసి, గడ్డకట్టకుండా మందు కలిపి గొట్టాల్లో నిలబెట్టాం. తార్నాకలో భోంచేసి వచ్చేసరికి నా గొట్టంలో అడుగున ఎరుపు, పైన పసుపు నీళ్లు! సూదంటే వణికే నా క్లాస్‌మేట్ స్వప్న ఒక్కతే ల్యాబ్‌లో ఉండిపోయింది.

“నా రక్తం నీ గొట్టంల పోసుకొని, నాదాంట్ల నీళ్లు కలిపినవా?” అని అందరిముందూ అరిచాను.

స్వప్న స్టాండు నా ముందుకు జరిపింది. అన్ని గొట్టాలూ అలాగే ఉన్నాయి.

“గది ప్లాస్మా. కణాలు బరువుకు కిందికి దిగినయ్. మీ నాయిన పాలల్ల నీళ్లు కలుపుతడని ఎవరన్న అంటే ఊకుంటవా?”

ఇప్పుడు ఆ ప్రయోగం నేనే చేయిస్తున్నాను. పిల్లలు భోజనానికి బయల్దేరుతుంటే, తిరిగొచ్చాక ఎవరినీ ఏమీ అనొద్దని ముందే చెప్పి పంపుతాను.