తంబుర లేని సీడీ

ఆ సీడీలో తంబుర లేదు. తీసేశారు. పాత ఎల్పీ రికార్డును కొత్తగా సీడీ చేస్తూ, గరగర తుడిచే పేరుతో తంబురను కూడా తుడిచేశారు. పైగా అట్ట మీద ‘అసలు నాదం, స్వచ్ఛంగా’ అని బంగారు రంగు అక్షరాలు. తంబుర లేకుండా కచేరీ ఎవరు చేశారో, ఎక్కడ చేశారో ఆ అక్షరాలు వేసినవాళ్ళే చెప్పాలి.

ఇందులో నాకు స్వార్థం ఉంది, దాచను. ఆ తంబుర మీటింది నా భార్య. ఆమె పోయాక ఆమె చేతి చప్పుడు ఈ లోకంలో మిగిలింది ఆ రికార్డులోనే.

మా పెళ్ళికి ముందు సంగతి అది. ఆమెకు సంగీత పాఠం చెప్పిన టీచరమ్మకు మద్రాసులో రికార్డు ఇచ్చే అవకాశం వస్తే, తంబురకని ఈమెను వెంట తీసుకెళ్ళింది. సికింద్రాబాద్ స్టేషన్లో రైలెక్కి, దారంతా తంబురను ఒళ్ళో పెట్టుకుని కూర్చుందట. రికార్డు వచ్చాక చూస్తే అట్ట వెనక వయొలిన్ ఆయన పేరుంది, మృదంగం ఆయన పేరుంది. తంబుర మీటినవాళ్ళ పేరు వేయరు. అది ఆనవాయితీ. పెళ్ళయిన కొత్తలో నేను దీని మీద మండిపడితే ఆమె నవ్వేది.

“పప్పు మంచిగుందంటరు గని, పొయ్యి మంచిగుందని ఎవరన్న అంటరా?”

నేను జనరల్ బజార్లో బట్టల దుకాణంలో చీరలు పరిచి చూపించి బతికినవాణ్ణి. బడి ఏడో తరగతితో సరి. తరవాత చదివిందంతా లైబ్రరీ బల్ల మీద, విన్నదంతా రేడియో ముందు. రాగాలు నాకు నేనే పోల్చుకునేవాణ్ణి, సగం తప్పులు పోయేవి. తంబుర వినడం మాత్రం ఆమే నేర్పింది. పాట వినకు, పాట వెనక ఏముందో విను అనేది. ఆదివారం మధ్యాహ్నాలు రికార్డు పెడితే, రెండో వైపు ఆలాపన సగానికి వచ్చేసరికి వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చేది.

“ఇగో, గిక్కడ. తుమ్ము వచ్చింది నాకు. ఆపుకుంటుంటే వేలు ఆగింది. మా టీచరమ్మ పాడుకుంటనే వెనకకు మర్లి ఎట్ల చూసిందో తెల్సా.”

నిజంగానే అక్కడ ఒక తీగె ఆలస్యంగా మోగుతుంది. చెబితే తప్ప తెలియదు. తెలిశాక ఇక వదలదు.

అల్వాల్లో ఇల్లు మారినప్పుడు రికార్డులన్నీ రేకుల షెడ్డులో పెట్టాల్సి వచ్చింది. ఆ ఎండాకాలం దాటేసరికి ఈ రికార్డు గిన్నెలా వంగిపోయింది. ముల్లు నిలవలేదు. ఆమె ఉన్నంత కాలం అదేమీ పెద్ద లోటనిపించలేదు. మనిషే ఎదురుగా ఉంటే రికార్డెందుకు?

ఆమె పోయాక వెతకడం మొదలుపెట్టాను. సెకండ్ హ్యాండ్ వాళ్ళను అడిగాను, ఫుట్‌పాత్‌ల మీద అట్టలు తిరగేశాను. దొరకలేదు. ఈలోగా అదే రికార్డును సీడీగా తెస్తున్నారని పేపర్లో చిన్న ముక్క చూశాను. ఒకప్పుడు నేను క్యాసెట్లు కొన్న దుకాణం స్టేషన్ దగ్గర ఇంకా ఉంది. ఇప్పుడక్కడ ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. దుకాణదారు నన్ను చూసి నవ్వాడు.

“సీడీనా అంకుల్? నా పెండ్లి వీడియో సుత నేనే సీడీల చూడలే. ఫోన్ల పెట్టుకుని వినరాదు?”

“ఫోన్ల వద్దు. గదే కావాలె.”

“సరే, తెప్పిస్తా. గని వాపస్ తీస్కోను, ముందే చెప్తున్న.”

చాలా వారాలు తిప్పి తెప్పించాడు. కొన్నే వేశారట, ఇక వేయరట. అక్కడే తన మెషీన్లో పెట్టి వినిపించాడు. టీచరమ్మ గొంతు గాజు గిన్నెలా మెరుస్తోంది. నేను గొంతు వినలేదు. దాని వెనకకు వెళ్ళాను. అక్కడ ఏమీ లేదు. పాట ఆగిన చోటల్లా ఖాళీ, తలుపు తీస్తే ఇంట్లోవాళ్ళు సామాను సర్దుకుని వెళ్ళిపోయినట్టు.

“ఎంత క్లియర్‌గ ఉందో సూడున్రి. జెర సుత గరగర లేదు,” అన్నాడు.

“గరగరతోని తంబుర సుత పోయింది.”

“తంబుర పోతే ఏమైతది అంకుల్, పాట ఉంది గద.”

డబ్బులిచ్చి సీడీ తీసుకుని వచ్చేశాను. ఇంట్లో నా పాత సీడీ ప్లేయర్లోనూ అంతే. ఒకవేళ నా చెవులదే తప్పేమోనని భయం పట్టుకుంది. ఆ భయం కోపం కన్నా చెడ్డది. సైనిక్‌పురిలో ఒకాయన ఉన్నారు, గుంటూరు నుంచి వచ్చి స్థిరపడిన కాంట్రాక్టరు. మనిషెత్తు స్పీకర్లున్నాయి ఆయనకు. ఒకప్పుడు మా దుకాణంలో చీరలు కొన్న పరిచయం. సీడీ పట్టుకుని వెళ్ళాను. కళ్ళు మూసుకుని ఒక కీర్తన మొత్తం విన్నారు.

“అద్భుతంగా ఉందండీ. తంబుర లేదంటారేంటి? ఉండే ఉంటుంది. మన వయసుకి వినపడదు, అంతే.”

“ఎక్కడుందో చెప్పండి, అక్కడ చెయ్యి ఎత్తండి.”

మళ్ళీ పెట్టారు. చెయ్యి ఎత్తలేదు. కాసేపటికి కాఫీ తాగుతారా అని అడిగారు. ఆ వయసు మాట మాత్రం నన్ను వదలలేదు. చెవి డాక్టరు దగ్గరికి వెళ్ళి పరీక్ష చేయించుకున్నాను. కీచుమనే శబ్దాలు వినపడటం తగ్గింది, బొంగురు శబ్దాలు బాగానే అందుతున్నాయి అన్నాడు. తంబుర కీచుమనదు. నా అనుమానం తీరింది. ఆ సంతోషం చెప్పుకోవడానికి ఇంట్లో ఎవరూ లేరు. వంటింటి గుమ్మం దాకా వెళ్ళి, లైటు వేసి, ఆర్పేసి వచ్చాను.

ఇక కంపెనీకి రాశాను. మొదటి ఉత్తరానికి కేటలాగు పంపారు, అందులో ఇదే సీడీ కొనమని సిఫారసు. రెండోదానికి ఏమీ లేదు. మూడో ఉత్తరంలో మర్యాద తగ్గించి రాశాను. దుమ్ముకూ నాదానికీ తేడా తెలియనివాళ్ళు పాటల వ్యాపారం మానేసి చీపుళ్ళు అమ్ముకోవచ్చన్నాను. తంబుర మీటింది ఎవరో, ఆమె ఇప్పుడు ఎక్కడా లేదన్న సంగతీ రాశాను. ఆ మాట రాయకూడదనే అనుకున్నాను. చెయ్యి ఆగలేదు.

వర్షాలు మొదలయ్యాక మందపాటి కవరొకటి వచ్చింది. లోపల ఒక డిస్కు, దాని మీద పేరూ బొమ్మా ఏమీ లేవు. దానితో ఒక కాగితం, తెలుగులో, చేత్తో రాసినది.

“అయ్యా, నమస్కారం. మీ మూడు ఉత్తరాలు ఆఫీసువాళ్ళు ఈమధ్యే నాకిచ్చారు. ఇక్కడ తెలుగు చదివేవాణ్ణి నేనొక్కణ్ణే. ఆ సీడీ శుభ్రం చేసింది కూడా నేనే. అసలు టేపు మా దగ్గర లేదు, ఎవరి దగ్గరో ఉన్న రికార్డు నుంచి తీశాం. మెషీనుకు ముందుగా గరగర ఏదో చూపించాలి. అందుకు పాట మొదలుకాక ముందు ఉండే చోటు చూపిస్తాం. ఈ రికార్డులో పాటకు ముందు తంబుర ఉంది. నేను వినకుండా, కంప్యూటర్ తెర మీద శబ్దం గీత చూసి, అదే గరగర అని చూపించాను. మొదటి నుంచి చివరి దాకా అలాంటి శబ్దమంతా మెషీను తీసేసింది. తప్పు నాదే. సీడీలు అయిపోయాయి, మళ్ళీ వేయరు. మేము రికార్డు నుంచి తీసిన మొదటి కాపీ చెరిపేశాం. ఆ తరవాత పాటకు వేరే సవరణలు చేశాం కాబట్టి తంబురను మళ్ళీ అందులో కలపడం నా వల్ల కాలేదు, ప్రయత్నించాను. అయితే మెషీను తీసేసిన శబ్దాన్ని మేము విడిగా దాస్తాం, ఎక్కువ తీసిందేమో చూసుకోవడానికి. అది చెరపలేదు. దాన్నే ఈ డిస్కులో వేసి పంపుతున్నాను. ఇందులో పాట లేదు, అక్కడక్కడ నీడలా తగులుతుంది. వయొలిన్, మృదంగం కూడా లేవు. గరగర చాలా ఉంది, సౌండు కాస్త పెంచుకోవాలి. మిగతాదంతా అమ్మగారి తంబురే.”