మూసిన పార్కులో తడిసిన కిటికీ

గేటుకి తాళం పడిందంటే ఆ పార్కులో రెండు నెలలు కాకి కూడా వాలదు. ఇంగ్లండులో హోల్డర్నెస్ తీరం, జనవరి గాలి, వరసలు కట్టి నిలబెట్టిన కారవాన్లు, అంటే చక్రాల మీది రేకు ఇళ్లు. అవి సెలవులకే గాని కాపురానికి కాదని కౌన్సిలు షరతు. కాబట్టి చలికాలం అందరూ మూటాముల్లె సర్దుకోవాల్సిందే. కొందరు స్పెయిన్ పోతారు, కొందరు కూతుళ్ల ఇళ్లకి. విల్ఫ్ ఓల్డ్‌రాయిడ్ మాత్రం ఏటా హల్ పట్నంలో అక్క హిల్డా దగ్గరికి పోయి, ఆవిడ పెట్టింది తిని, చీవాట్లు కూడా తిని వచ్చేవాడు.

ఈ ఏడు అక్క లేదు. అక్టోబరులో కన్నుమూసింది, ఆవిడ ఫ్లాటు కౌన్సిలు వెనక్కి తీసేసుకుంది. ఆ సంగతి ఒక్కరికైనా చెప్పాడా మహానుభావుడు? అడిగినవాళ్లందరికీ "అక్క దగ్గరికే" అన్నాడు. జాలిపడతారని భయం. ఏం అభిమానమో, కడుపు నింపుతుందా, చలి ఆపుతుందా! అందరూ వెళ్లాక తన కారవాన్‌లోనే తలుపేసుకుని, తెరలు దించుకుని, దీపం లేకుండా కూర్చున్నాడు. పట్టుబడితే కారవాన్ బయటికి లాగించేస్తారు. ఇక తలదాచుకోడానికి ఆ రేకు కూడా ఉండదు.

చలికి తాళలేక ఇంకో ఘనకార్యం చేశాడు. గాలి ఆడడానికి నేలలోనూ కప్పులోనూ వదిలిన కన్నాల్లో పాత మేజోళ్లు కుక్కాడు. కారవాన్‌లో ఏళ్ల తరబడి ఉన్నవాళ్లు కూడా ఈ తెలివితక్కువ పని చేస్తారు. వెచ్చగానే ఉంది. మరి ఊపిరి ఎక్కడికి పోవాలి? కెటిల్ ఆవిరి, ఆరేసిన చొక్కాల తడి, అతని ఊపిరి, అంతా పోయి అద్దాలకి పట్టింది. వరసంతా కిటికీలు నల్లగా ఉంటే అతనివే పాలు పోసినట్టు తెల్లగా ఉన్నాయి. బయట కుక్క మొరిగితే చాలు, తువ్వాలు తీసుకుని గబగబా తుడిచేవాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఆ తుడిచిన చారలు ఇంకా బాగా కనబడేవి.

పార్కు కాపలా చూసే బ్రెండా స్టాథర్ రోజూ పొద్దున్నే, పైపులు పగిలాయేమోనని కుక్కని వెంటబెట్టుకుని తిరుగుతుంది. ఒకనాడు ఆ కిటికీ ముందు ఆగిపోయింది. విల్ఫ్ కిటికీ కింద నక్కాడు.

"చూశావుటే పిప్? మనిషేమో హల్‌లో ఉన్నాడట, కిటికీలేమో చెమటలు కక్కుతున్నాయి!"

కుక్క భౌ మంది.

"నోర్ముయ్యవే. కన్నాల్లో గుడ్డలు కుక్కినట్టున్నారెవరో. కన్నాలు మూసి గ్యాసు వెలిగిస్తే తెల్లారేసరికి శవమే. ఆ ముసలాడికి ఆమాత్రం తెలీదూ? పైగా శుక్రవారం ఓనరొస్తున్నాడు. ఈ తెలుపు రోడ్డు మీంచే కనబడుతుంది." తర్వాత గొంతు తగ్గించి అంది: "హిల్డా పోయిందని పేపర్లో చూశానే పిప్. మాతో చెప్పుకుని ఏడవచ్చుగా మనిషి!"

లోపల విల్ఫ్ తువ్వాలు నోట్లో కుక్కుకుని ఏడ్చాడు. అక్క పోయాక ఏడవడం అదే మొదలు.

మేజోళ్లు పీకేశాడు. చలి జొరబడింది, అద్దాలు ఆరాయి. కోటు మీద కోటు వేసుకుని వణుకుతూ కూర్చున్నాడు. శుక్రవారం ఓనరు కారు వరస పక్కనుంచి ఆగకుండా పోయింది.

గండం గడిచింది. కానీ ఇప్పుడు కిటికీ అద్దం చూస్తే లోపల మనిషున్నట్టే లేదు. తను చచ్చినా బతికినా ఒకటే అనిపించి గుండె చెరువైంది విల్ఫ్‌కి.

మర్నాడు బ్రెండా వచ్చి ఆరిన కిటికీ ముందు నిలబడింది. కుక్క లాగుతున్నా కదలదు. తెర సందులోంచి ఆమె మొహం చూస్తే అతనికి అర్థమైంది. ఉన్నాడో పోయాడోనని బెంగ ఆమెకి. నోరు విప్పి పలకరిస్తే, విన్నాక ఆమె ఓనరుకి చెప్పకుండా ఊరుకోడానికి లేదు, ఉద్యోగం అలాంటిది. అందుకని విల్ఫ్ అద్దానికి మూతి ఆనించి "హా" అని ఊదాడు. సాసరంత తెల్లటి మచ్చ పడింది.

బ్రెండా దగ్గరికొచ్చింది. వంగి, బయటినుంచి సరిగ్గా ఆ మచ్చ మీదే "హా" అని ఊదింది. తర్వాత కుక్కని తిట్టుకుంటూ వెళ్లిపోయింది.

మార్చిలో గేటు తీసేదాకా రోజూ వాళ్లిద్దరూ మాట్లాడుకున్నది అదే.