కార్జం మానినవాడి కథ

హెచ్‌ఐవీ మాత్రలు మింగడంలో నన్ను మించినవాడు మార్కాపురం నుంచి గిద్దలూరు దాకా లేడనుకునేవాణ్ని. ఆ గర్వం ఒక్క రక్తపరీక్షతో దిగింది. టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి నా ఒంట్లో ఏళ్లుగా నిద్రపోతోందట.

"సగం కాలిన మాంసం తినేవారా?" అని అడిగింది డాక్టరమ్మ.

తినడమా! గొర్రెలు కాసే ఇల్లు మాది. పొట్టేలును కోయగానే కార్జం, అదే కాలేయం, నిప్పుల్లో పడేసేవాళ్లం. అది వేడెక్కేలోపే నేను మింగేసేవాణ్ని. ఆ లెక్కన నల్లమలలో ఉన్నన్ని ప్రాణులు నాలో ఉండాలి.

ఆ రోజే కార్జం మానేశాను. కంభంలో బావమరిది పొట్టేలును కోస్తే మహాత్యాగిలా చేతులు కట్టుకుని కూర్చున్నాను. కార్జమే మానాక ఇక భయమేమిటన్న ధీమాతో, ఇంట్లో మరిచిన మాత్రల కోసం నాలుగు రోజులైనా వెనక్కి రాలేదు.

విషయం విని డాక్టరమ్మ తల పట్టుకుంది. "లోపలున్నది ఎక్కడికీ పోదు. అది నిద్రపోవాలంటే మీ రోగనిరోధక కణాలు రోజూ కాపలా కాయాలి. మాత్రలు మానితే హెచ్‌ఐవీ ఆ కాపలావాళ్లనే చంపుతుంది. అప్పుడా పరాన్నజీవి లేచి మెదడు మీద పడుతుంది."

పక్కనున్న నా భార్య ఊరుకుంటుందా? "ఏందయ్యా, మానాల్సింది మాని, మానగూడనిది గూడా మానినావా? మందను వదిలేసి పోయింటే మీ నాయన ఊరుకునేటోడా?"

నాయన జడివానలో కూడా మందను విడిచి కదిలేవాడు కాదు. ఆ తర్వాత నెలంతా తల నొప్పెట్టిన ప్రతిసారీ అది లేచిందేమోనని వణికాను. లేవలేదు.

ఇప్పుడు పెరట్లోకి పోయినా మాత్రల డబ్బా నా జేబులోనే ఉంటుంది. నాయనకు వంద గొర్రెలుండేవి. నేను కాయాల్సింది ఒక్కదాన్నే, అదీ నిద్రపోతున్నదాన్ని.