అమీర్‌పేటలో మొదటి పాఠం

సాంకేతిక విద్య మీద ప్రభుత్వానికి నివేదిక రాసే పని నాకు పడింది. నేను నల్గొండలో ఎకనామిక్స్ లెక్చరర్‌ని. కంప్యూటర్‌ను తాకిన పాపాన పోలేదు కనుక నిష్పక్షపాతంగా రాస్తానని నమ్మి ఉంటారు. నివేదిక ముందే రాసేశాను. "పోటీ ఉన్నచోట నాణ్యత దానంతటదే పెరుగుతుంది" అని ముగించాను కూడా. "స్వయంగా చూసి వచ్చాము" అన్న వాక్యం ఒక్కటే మిగిలింది. దానికోసం కంప్యూటర్ కోచింగ్ సెంటర్లకు పేరుమోసిన అమీర్‌పేటకు ఈ ప్రయాణం.

ఉదయం ఆరింటికి బస్సు. తొమ్మిదికి దిల్‌సుఖ్‌నగర్‌లో ఇడ్లీ తిని సిటీ బస్సెక్కాను. కండక్టర్ నన్ను ఎగాదిగా చూశాడు.

"సాఫ్టువేరా సార్, దవాఖానా? గీ బస్సుల రెండే రకాలెక్కుతరు. దవాఖానకైతే పంజాగుట్టల దిగాలె."

పంజాగుట్ట చౌరస్తాలో బస్సు నలభై నిమిషాలు కదల్లేదు. దేశం దూసుకుపోతోందని నివేదిక రెండో పేజీలో రాసిన సంగతి అక్కడే గుర్తొచ్చింది.

అమీర్‌పేటలో లావణ్య ఎదురొచ్చింది. మా కాలేజీలో నా క్లాసులో ఫస్టు వచ్చిన పిల్ల, ఇప్పుడు ఎస్.ఆర్. నగర్ హాస్టల్లో ఉంటోంది. మధ్యాహ్నం సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి ఇంటర్వ్యూ ఉంది. అది పోతే రేపు తండ్రి వచ్చి ఊరికి తీసుకుపోతాడు. ఆ కంగారులోనూ నన్ను ఒక డెమో క్లాసుకు తీసుకెళ్లింది.

మూడో అంతస్తు, రెండు వందల మంది, ఒకే ఫ్యాను. మాస్టారు మొదటి పాఠం అద్భుతంగా చెప్పి, సరిగ్గా రుచి తెలిసే వేళకు ఆపేశాడు. "అసలు సబ్జెక్టు రేపట్నుంచండీ. ఫీజు రసీదు ఉన్నోళ్లే రండి."

"మూడు రోజులు ఫ్రీ సార్, ఇయ్యాల మూడోది," అంది లావణ్య గుసగుసగా. "నాలుగో రోజు ఇంకో ఇన్‌స్టిట్యూట్‌కు పోత. ఆర్నెల్ల సంది గిట్లనే."

పైసా ఖర్చు లేని చదువు! వినియోగదారుడి తెలివికి ఇంతకన్నా నిదర్శనమేమిటని మురిసిపోయాను. ఏడు నోటుబుక్కులు చూపించింది. ఏడింటిలోనూ మొదటి పాఠమే ఉంది.

రెండింటికి నన్నూ వెంటబెట్టుకుని పంజాగుట్టలో ఇంటర్వ్యూకు వెళ్లింది. ఆ ఆఫీసు కింద ఇరానీ హోటల్లో నా చాయ్ పూర్తికాకముందే దిగివచ్చింది. కళ్లు ఎర్రబడ్డాయి.

"మొదటి ప్రశ్నకు శభాషన్నరు సార్. తర్వాతవన్నీ మిగతా పాఠాలల్లకెల్లి అడిగిండ్రు."

పెద్దమనిషిని కదా, ఊరుకోలేదు. "ఆరు నెలలు మొదటి పాఠమే వింటే మిగతావి ఎలా వస్తాయమ్మా?" అన్నాను.

ఆ పిల్ల కోపంగా అనలేదు. "మీ క్లాసుల సుత గంతే కద సార్. మొదటి యూనిట్ మస్తు చెప్పేటోళ్లు. మిగతాది గైడ్‌ల చూసుకోమనేటోళ్లు. గట్లనే ఫస్టొచ్చిన. గిక్కడ సుత నడుస్తదనుకున్న."

చాయ్ డబ్బులిచ్చి లేచాను. హాస్టల్ దాకా దిగబెడతానంటే వద్దంది, పెట్టె సర్దుకోవాలట.

ఐదింటికి తిరుగు బస్సు. వెళ్లదలచినవారికి ఒక సలహా: పొద్దుటి బస్సులో ఎండ పడని వైపు కూర్చోండి, నివేదిక తిరిగొచ్చాక రాయండి. నేను నివేదికలో పోటీ గురించి రాసిన చివరి వాక్యం కొట్టేసి, సంచిలోని పాఠ్యపుస్తకం తీశాను. పన్నెండేళ్లుగా చెబుతున్న పుస్తకమది. మొదటి యూనిట్ పేజీలు నలిగి నల్లబడ్డాయి. రెండో యూనిట్ ఇంకా కొత్త కాగితం వాసన వేస్తోంది. చౌటుప్పల్ దాటేదాకా చదివినా సగం అర్థం కాలేదు.

పక్క సీటాయన వంగి చూశాడు. "గీ వయసుల పరీక్షనా సార్?"

"తప్పాను, అన్నా," అన్నాను. "మళ్లీ చదువుతున్నాను."