తప్పితేనే టిక్కు

“మళ్లీ ఫెయిలైపోయేవా? మంచి పని సేసేవమ్మా. ఆ షీటిలాగియ్యి, టిక్కు పెడతాను.”

చోడవరంలో ఇంకెవరు ఈ మాట అన్నా కనకదుర్గ ఊరుకునేది కాదు. అన్నది జెరాక్సు షాపు దయాసాగర్ కాబట్టి నోరు మూసుకుని షీటు అందించింది. ఎదుటి మనిషి ఏదైనా చెడగొట్టుకుంటే చాలు, ఆయనకి పండగ. జేబులో ఎర్ర పెన్ను ఉండేదే అందుకు.

ఈ జబ్బు ఒక ఆట వల్ల పట్టుకుంది. బల్ల చుట్టూ చేరి, తలా ఒక వేషం కట్టి, నోటితోనే కథ నడిపించే ఆట. ఇంటర్నెట్టులో చదివి అర్థమైనంత నేర్చుకున్నాడు, అర్థం కానిది సొంతంగా కల్పించాడు. అందులో ఫలానావాడు వీరుడు, ఫలానావాడు మంత్రగాడు అని ముద్రలు లేవు. ఎవరి షీటు మీద వాళ్ల పనులు, పని పక్కన వందకి ఎంత వచ్చో ఒక అంకె. ఈత ముప్పై, బేరం అరవై, అలా. పాచికలు వేస్తే ఆ అంకె లోపు పడాలి. దాటితే పని చెడినట్టు. చెడితే టిక్కు. టిక్కులు పోగైతే అంకె పెరుగుతుంది.

“నెగ్గితే పెరగదేటి?” అని మొదటి రోజే అడిగాడు చెరుకు రైతు సత్యారావు.

“నెగ్గినోడికి కొత్తగా తెలిసిందేటి?”

అక్కడితో ఆగితే ఆటే. కానీ జెరాక్సు మిషను సొంతమాయె, ఊళ్లో తెలిసినవాళ్లందరికీ తలో షీటు తీశాడు. సత్యారావు మోపెడ్డుతో సహా కాలవలో పడిన రోజున, చెయ్యి అందించడం మాని గట్టు మీద నుంచి విచారణ మొదలెట్టాడు.

“బ్రేకు తప్పేవా, బేలన్సు తప్పేవా? సరిగ్గా సెప్పు, టిక్కు ఎక్కడెట్టాలో తెలట్లేదు.”

దయాసాగర్ భార్య కరుణమ్మ చర్చిలో పాట మధ్య శ్రుతి తప్పితే వెనక వరసలో పెన్ను క్యాపు ఊడిన చప్పుడు. పాస్టరుగారు ప్రసంగంలో పేజీ తప్పిన రోజున మాత్రం, ఆ చప్పుడుకి ముందే కరుణమ్మ మోచెయ్యి మొగుడి డొక్కలో దిగింది.

కనకదుర్గ షీటు మీద టిక్కులన్నీ ఒకే వరసలో: ‘బండి వెనక్కి తోలడం’. చీడికాడలో స్కూలు పిల్లల్ని ఆటోలో తిప్పే పని ఆమె కోసం ఆగి ఉంది. సోమవారం లోపు లైసెన్సు టెస్టు పాసైతే ఆమెది, లేకపోతే ఇంకొకరిది. ముందుకి గాలిలా తోలుతుంది. గుంజల మధ్య పాములా వంకరలు తిరుగుతూ వెనక్కి రమ్మంటే చేతులు చెమటలు పట్టేస్తాయి. రెండుసార్లు వెళ్లింది, రెండుసార్లూ గుంజ పడగొట్టింది. ఇక మిగిలింది శుక్రవారం ఒక్కటే.

ఆ శుక్రవారానికి ముందొచ్చిన ఆదివారం ఆటలో సత్యారావు తిరగబడ్డాడు.

“దెయ్యం సెరుకుతోటలో ఉందన్నావు, బాగుంది. బండి రివర్సులో ఎల్లడం దేనికి?”

“ముందు నుంచి ఒచ్చినోళ్లకి ఆ దెయ్యం కనపడదు.”

“కిందటారం దొంగల గుహకీ రివర్సే.”

“సందు ఇరుకు మరి.”

“ఆ ముందారం రాజుగారి పెళ్లికి?”

“వాళ్లింటి ఆచారం సత్యారావూ, మనమేటి సెయ్యగలం?”

ఏ కథైనా దయాసాగర్ గీసే పటంలో ఎప్పుడూ ఆరు గుంజలే. బండి ఎప్పుడూ కనకదుర్గ చేతిలోనే. ‘ఎడం అద్దంలో ఏటి కనిపిస్తంది? అయితే హేండిలు ఎటు?’ అని అడిగి, ఆమె చెప్పాకే పాచికలు వెయ్యనిచ్చేవాడు. ఆమె ఓడేది. ఆయన క్యాపు తీసేవాడు.

శుక్రవారం టెస్టు మైదానంలో మామూలుగానే చేతులు చెమట పట్టాయి. మొదటి గుంజ అద్దంలో కనిపించగానే, ఇది దెయ్యం తోట మలుపు కదా అనిపించింది. ఆ తరవాతది దొంగల గుహ. ఆమె పెదాలు కదులుతుంటే పక్కన నడుస్తున్న ఇన్‌స్పెక్టరు వంగి చూశాడు.

“ఏటమ్మా, మంత్రమా?”

“కాదు సార్, పెళ్లికెల్తన్నాం.”

బండి గీత లోపల ఆగింది. ఆరు గుంజలూ నిలబడే ఉన్నాయి.

పాసైన కాగితం పట్టుకుని తిన్నగా షాపుకొచ్చింది. కరుణమ్మ ఒక్కతే ఉంది. బల్ల మీద ఆట ఫైలు తెరిచి ఉంది. కనకదుర్గకి ఏదో తోచి తోట పటం, గుహ పటం, పెళ్లి పటం ఒకదాని మీద ఒకటి పెట్టి వెలుతురుకి ఎత్తింది. గుంజలన్నీ ఒకే చోట. అంచున ఎర్ర సిరాతో, ‘గుంజకీ గుంజకీ ఏడడుగులు’.

“మీ బాబాయ్ ఆ మైదానం కొలవడానికి రెండుసార్లు ఎల్లేడమ్మా,” అంది కరుణమ్మ. “మొదటిసారి వాచ్‌మేను తరిమేసేడు. ఇంటికొచ్చి ‘సప్పుడు సెయ్యకుండా నడవడం’ పక్కన తనకి తనే టిక్కు ఎట్టుకున్నాడు.”

దయాసాగర్ టీ గ్లాసుతో వచ్చాడు. కాగితం చూశాడు. అలవాటుగా పెన్ను తీసి, మళ్లీ జేబులో పెట్టేశాడు.

“పాసైపోయేవు. మరి టిక్కు లేదమ్మా.” మొహం చిన్నబోయింది.

“పటాలన్నీ ఒకటేలాగున్నాయేటి బాబాయ్?”

“జెరాక్సు షాపులో వేరేవేరేగా ఎలాగొస్తాయి? ఆ కబుర్లు మాని బండి తియ్యి. వడ్డాది సంతకెల్లి రెండు కేజీల వంకాయలు బేరమాడి పట్రా. బేరంలో నీకు పదిహేనే. బాగా మోసపోయి రా గుంటా, క్యాపు తీసి కూర్చుంటాను.”