హాజరు వేసే సారు

మదనపల్లెలో బస్సెక్కి నా పక్కన కూర్చున్నాడాయన, చొక్కా మడత నలగని పంతులు. ప్రత్యేక అవసరాలున్న పిల్లల చదువు కోసం ఊరూరా తల్లులతో సంఘం కడుతున్నానంటే జాలిగా నవ్వాడు.

“యాల మేడం ఈ తిప్పలు? మా బళ్ళోనూ అట్లాంటి పాప ఒకతి ఉండాది. బడికి పంపొద్దని వాళ్ళమ్మకు నేనే చెప్పినా. పాప ఇంట్లో ఉన్నా రోజూ హాజరు ఏస్తానే ఉండా.”

ఇంతటి పుణ్యాత్ముడి పక్కన సీటు దొరకడం నా భాగ్యం!

“ఆ పాప పేరేంది సార్?” అన్నాను.

తల గోక్కున్నాడు. ఫోను తీశాడు, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. పుంగనూరు దాకా కిటికీలోంచి టమోటా తోటలే చూశాడు, ఎన్నడూ చూడనట్టు.

ఇప్పుడు కుప్పం దాకా ఏ ఊళ్ళో మా తల్లులు కలిసినా, ముందు పిల్లల పేర్లు పిలుస్తాం. పిలిచిన బిడ్డ చెయ్యెత్తుతుంది. ఎత్తలేని బిడ్డ చేతిని వాళ్ళమ్మ ఎత్తుతుంది.