రాయి లేని నొప్పి

గోదావరిఖనిలోని మా కాలనీలో పిత్తాశయంలో రాళ్లు తీయించుకున్నవాళ్లు వాటిని చిన్న సీసాలో ఇంటికి తెచ్చుకుంటారు. చూడవచ్చినవాళ్లకు ముందు మంచినీళ్లు ఇచ్చి, తర్వాత ఆ సీసా చేతిలో పెడతారు. మా బాపుకు స్కానింగులో ఒక్క రాయి కూడా కనిపించలేదు. చిక్కంతా అక్కడే వచ్చింది.

బాపు బొగ్గు బాయిలో దిగి గని పైకప్పు కూలకుండా ఆసరాలు పెట్టే పని చేసేవాడు. ఆ వానాకాలం డెంగీ వచ్చి ఎనిమిది రోజులు దవాఖానలో పడుకుని వచ్చాడు. ఇంటికొచ్చిన మర్నాడు కుడి పక్కటెముకల కింద నొప్పి మొదలైంది. స్కానింగు చూసిన డాక్టరు రాళ్లు లేవని, పిత్తాశయం గోడ మాత్రం కాస్త మందంగా ఉందని, నొప్పి పెరిగినా మళ్లీ జ్వరం వచ్చినా వెంటనే తీసుకురమ్మని చెప్పాడు. అందులో మొదటి మాట ఒక్కటే కాలనీకి చేరింది. పక్కనే నిలబడి విన్న నాకూ అదొక్కటే చేరింది.

మా దగ్గర ఒక పద్ధతి ఉంది. జబ్బుపడ్డ కార్మికుడిని కంపెనీ మెడికల్ బోర్డు పనికి అన్‌ఫిట్ చేస్తే కొడుక్కు ఉద్యోగం వస్తుంది. అందుకని ఎవరికి ఒంట్లో బాగాలేదన్నా ముందు వాళ్ల కొడుకు వయసెంతో అడుగుతారు. నాకు అప్పుడు ఇరవై తొమ్మిది. డిగ్రీ పాసై, మొబైల్ షాపులో ఫోన్లకు అద్దాలు అతికిస్తున్నాను.

పక్క క్వార్టర్ మామ రెండుసార్లు బోర్డు ముందుకు వెళ్లి, రెండుసార్లూ ఫిట్ అనిపించుకుని రిటైరైన మనిషి. ఆ అనుభవం వల్ల సలహాలకు అందరూ ఆయన దగ్గరికే వెళ్తారు. మా రిపోర్టును కిటికీ దగ్గర పెట్టి చూసి బాపును మనసారా మెచ్చుకున్నాడు.

"మంచి నొప్పి పట్టినవ్ బావా. ఉన్నదని మనం చూపియ్యలేం, లేదని వాళ్లూ చూపియ్యలేరు."

బాపు గోడవైపు తిరిగి పడుకున్నాడు. అది ఒప్పుకోవడమే అనుకున్నాను. ఇక శిక్షణ బాధ్యత నేను తీసుకున్నాను. నడిచేటప్పుడు కుడి పక్క మీంచి చెయ్యి తీయొద్దని, మూలుగు మరీ సన్నగా ఉందని, బోర్డు వాళ్లకు వినబడాలని చెప్పాను. బాపు రెండు రోజులు అన్నం ముట్టకపోతే, మనిషి శ్రద్ధగా నేర్చుకుంటున్నాడని సంతోషించాను.

మూడోరోజు మధ్యాహ్నం బాపు వణుకుతూ ముడుచుకుపోయాడు. ఒళ్లు కాలిపోతోంది. అమ్మ దవాఖానకు తీసుకుపొమ్మంది. నేను మంచం దగ్గర కూర్చుని, బయటివాళ్లు ఎవరూ లేరు కాబట్టి ఇప్పుడు అంత అవసరం లేదని బాపుకు నచ్చజెప్పాను.

"బోర్డు కోసం కాదురా," అన్నాడు బాపు. "నిజంగనే నొస్తుంది."

"గదే మాట గట్లనే బోర్డు ముందట చెప్పు బాపూ," అన్నాను.

అమ్మ లేచింది. చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డు మీదికి వెళ్లి ఆటోను ఆపుకొచ్చింది.

సాయంత్రానికి కరీంనగర్‌లో ఆపరేషన్ చేశారు. డెంగీ లాంటి జ్వరంతో నీరసించినవాళ్లకు, తిండి మానేసినవాళ్లకు రాయి లేకుండానే పిత్తాశయం ఇలా వాస్తుందని, ఒకవైపు అప్పటికే నల్లబడిందని, రేపటిదాకా ఆగి ఉంటే పగిలి ప్రాణం మీదికి వచ్చేదని సర్జన్ చెప్పాడు. ఎందుకు ఆలస్యం చేశారని అడిగాడు. అమ్మ నావైపు చూసింది. నాకు చచ్చేంత సిగ్గేసింది, ఆపైన భయమేసింది.

చూడ్డానికి వచ్చిన మామ ఎన్ని రాళ్లు తీశారని అడిగాడు. ఒక్కటీ లేదన్నాను. రెండు నెలల్లో డ్యూటీకి పోవచ్చన్నారని కూడా చెప్పాను. ఆయన నా భుజం తట్టి ఓదార్చాడు.

ఆపరేషనైన మూడోరోజు బాపు మంచంలో మెల్లగా పక్కకు తిరుగుతూ మొహం చిట్లించాడు. నొస్తుందా అని అడిగాను. బాపు నావైపు చూశాడు. కోపంగా చూసినా బాగుండేది.

"ఎట్ల చెప్తే నమ్ముతవో నువ్వే చెప్పు బిడ్డా," అన్నాడు. "గట్లనే చెప్త."

నేను లేచి వెళ్లి నర్సును పిలుచుకొచ్చాను.